టెటే నుంచి గోదావరిఖనికి ఎన్ని షిఫ్టులు

విమానం టికెట్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవం చెప్పండి అంటారు. టీ పోసి కూర్చోబెట్టి ముందుగా ఒక సంగతి చెబుతాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. గోదావరిఖని చౌరస్తా దగ్గర మెట్ల కింద ఒక గది, అందులో ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మాట వినని ఫ్యాను. అదే నా ఆకాశం. నాకు ఉద్యోగమిచ్చిన మాజిద్ సాబ్ కూడా విమానం ఎక్కలేదు. ఆయనకు ఎత్తంటే భయం. దుకాణంలో బల్బు మార్చాలన్నా నన్నే స్టూలు ఎక్కమనేవారు. అలాంటి మేమిద్దరం కలిసి ఊళ్లో సగం మందిని పైకి పంపాం. అందరినీ క్షేమంగా కిందికి దించిన దయ పైవాడిది. మా గొప్పేమీ లేదు.

చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి పోలేదు. నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భజన పాటల పుస్తకంలో అక్షరాలు చూపించేవారు. పక్క క్వార్టర్‌లోని పంతులమ్మ బడిలో పాతబడిన ప్రపంచ పటం ఒకటి తెచ్చి మా గోడకు తగిలించింది. ఆఫ్రికా కింది సగం చిరిగిపోయి ఉండేది. అందుకని చాలా ఏళ్లు నా లెక్కలో ఆ భూములు లేవు. ఇంట్లో నేర్చిన చదువుతోనే పరీక్షలు రాశాను, ఆ చదువే నాకు అన్నం పెట్టింది. నాన్నకు, పంతులమ్మకు, ఆ చిరిగిన పటానికి రోజూ మనసులో ఒక దండం పెట్టుకుంటాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది ఉద్యోగం మానేశాను. ఈ నాలుగు ముక్కలూ కొత్తగా వచ్చేవాళ్ల కోసం.

దూరాన్ని ఎవరి కొలతలో చెప్పాలి

కౌంటర్ ముందు కూర్చున్న మనిషి అడిగే మొదటి ప్రశ్న "ఎంత దూరం?" అనే. కంప్యూటరు కిలోమీటర్లు చూపిస్తుంది. చేరిన కొత్తలో నేను ఆ అంకె చదివి వినిపించేదాన్ని. వినేవాళ్లు మర్యాదగా తలూపి, మళ్లీ "అయితె ఎంత దూరం?" అనేవారు.

మా దగ్గర కాలానికి కొలత షిఫ్టు. ఎనిమిది గంటలు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒక షిఫ్టు అంటే నడుముకు తెలుస్తుంది. అది అర్థమయ్యాక నా భాష మార్చుకున్నాను. దుబాయ్ సగం షిఫ్టు. జెడ్డా షిఫ్టుకు కొంచెం తక్కువ. లండన్ ఒక షిఫ్టు, పైన ఓటీ, అదే ఓవర్‌టైం. అంతే, మారు ప్రశ్న ఉండేది కాదు. ఒక ముసలాయన మాత్రం లండన్ గురించి విని, ఓటీ పైసలు విమానం వాళ్లు ఇస్తారా అని అడిగాడు. నవ్వుతున్నాడో నిజంగానే అడుగుతున్నాడో ఇప్పటికీ తెలియదు.

ఎదుటివాళ్ల కొలతలోకి మార్చి చెప్పడం ఈ పనిలో సగం. అయితే ఆ కొలత ఒక్కోసారి మనల్నే ముంచుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దుబాయ్‌కి రెండే గంటలు

మాజిద్ సాబ్ మంచి యజమాని. జీతం ఆలస్యం చేయలేదు, గొంతు పెంచలేదు, నా పూజ అయ్యేదాకా దుకాణంలో ఫోను మోగినా తానే తీసేవారు. ఆయనకు ఒకటే బలహీనత, బోర్డులు. ఒకరోజు ఎవరిదో టికెట్ చూశారు. హైదరాబాద్‌లో బయలుదేరే టైముకు, దుబాయ్‌లో దిగే టైముకు మధ్య రెండు గంటల పైచిలుకు మాత్రమే ఉంది. సాయంత్రానికల్లా పెయింటరు వచ్చాడు. "దుబాయ్‌కి రెండే గంటలు" అని ఎర్ర అక్షరాలతో బోర్డు వెలిసింది.

గడియారాలు రెండు చోట్ల వేరని నేను చెప్పేలోపే జనం రావడం మొదలైంది. కొన్నాళ్లకు తిరిగి వచ్చినవాళ్లు కూడా వచ్చారు. పోయేటప్పుడు రెండు గంటలు పట్టిన దారి వచ్చేటప్పుడు ఐదు గంటలు ఎందుకు పట్టిందని వాళ్ల ప్రశ్న. పైలట్ నిద్రపోయాడని ఒకరు, దొంగ దారిలో తెచ్చారని ఇంకొకరు.

ఓదెలు అనే హాలేజీ ఆపరేటర్ ఆ రోజు దుకాణంలో ఉన్నాడు. బాయిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం నడపడం అతని పని. అందరినీ ఆగమని చెప్పి విడమరిచాడు. "పొయ్యేటి టబ్బు ఖాళీ. వచ్చేటి టబ్బు నిండు. మీరు పొయ్యేటప్పుడు బట్టల సంచితోని పోతిరి. వచ్చేటప్పుడు టీవీలు, కంబళ్లు, సెంటు సీసలు. ఇంజను గుంజద్దా?"

అందరూ ఒప్పుకున్నారు. మాజిద్ సాబ్‌కు ఆ వివరణ ఎంత నచ్చిందంటే బోర్డు తీయనన్నారు. నేను పటం చూపించి, సూర్యుడు మన దగ్గరికి ముందు వస్తాడు, వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాడు, అందుకే గడియారాలు వేరు అని చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"అంటె తప్పు సూర్యుడిదే కదా బేటీ. మన బోర్డుది కాదు."

ఆ బోర్డు ఎండకు వెలిసిపోయేదాకా అక్కడే ఉంది. పిల్లలూ, టికెట్ మీద రెండు టైములు చూడగానే ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకండి. ఏ ఊరి గడియారమో అడగండి. ఇది తెలియనివాళ్లు మన వృత్తిలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లలో కొందరికి పెద్ద ఏసీ ఆఫీసులున్నాయి.

చాంద్ మియా అడిగింది

బాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన చాంద్ మియా, భార్యతో మక్కాకు ఉమ్రా యాత్ర పోతూ నా దగ్గర టికెట్ తీసుకున్నారు. ఎంత దూరం అని ఆయన అడగలేదు. మధ్యలో ఎన్ని నమాజులు వస్తాయి, ఏ ఊరి టైముకు చేయాలి అని అడిగారు.

అన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది అదే. అది దేవుడికి లెక్క అప్పజెప్పాల్సిన మనిషి ప్రశ్న. నాకు తెలియని సంగతి కాబట్టి మాజిద్ సాబ్‌ను అడిగాను. ఆయన మసీదులో పెద్దవాళ్లను అడిగి వచ్చారు. చివరికి నేను చాంద్ మియాకు చెప్పింది చిన్న మాట. విమానం పడమటికి పోతుంది, సూర్యుడూ అటే పోతాడు, కాబట్టి గడియారం చూడకుండా కిటికీ చూసుకోండి చాచా అని.

తిరిగి వచ్చాక ఖర్జూరాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. "సూర్యుడు మా పక్కపొంటె వచ్చిండు బేటీ. మునుగుతనే లేడు. మా ఆమె మొక్కుకుంట మొక్కుకుంట నిద్రపొయింది" అన్నారు. ఖర్జూరాలు ఇంటికి తీసుకుపోయి ముందు నా దేవుడి ముందర పెట్టి, తర్వాత తిన్నాను.

గీత మీద విమానం

ఇప్పుడు అసలు సంగతి. అప్పటికి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరం, పట్టే సమయం చూపించే పేజీలు వచ్చాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఒక పటం, దాని మీద వంగిన గీత, కింద అంకెలు. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఓదెలు భార్య సమ్మక్క బాయి క్యాంటీన్‌లో పనిచేసేది. ఒకరోజు పసుపు పూసిన లగ్నపత్రిక తెచ్చి నా బల్ల మీదున్న దేవుడి ఫోటో ముందు పెట్టింది. చిన్న బిడ్డ రజిత పెళ్లి, వరుడిది కాసిపేట. సమ్మక్క తమ్ముడు కనకయ్య మొజాంబిక్‌లో టెటే అనే ఊళ్లో ఉన్నాడు. అక్కడా బొగ్గు గనులే, ఊరి పక్కన పెద్ద నది, మాడు పగిలే ఎండ. రామగుండంలో పుట్టిన మనిషికి అక్కడ కొత్తగా అనిపించేది భాష ఒక్కటే. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు ఎత్తే పెద్ద షావెల్ యంత్రం నడిపేవాడు. నా చిరిగిన పటంలో లేని సగంలోనే ఆ ఊరు ఉంది.

"శుక్రవారం పొద్దున లగ్నం చెల్లె. మా తమ్ముడు గురువారం డ్యూటీ దిగి విమానం ఎక్కుతడట. ఒక్కటే షిఫ్టంట. టికెట్ ఇయ్యి."

ఒక షిఫ్టు అని ఎవరన్నారు అంటే, కనకయ్యే కంప్యూటర్‌లో చూశాడంది. నేనూ చూశాను. నిజమే. రెండు విమానాశ్రయాల మధ్య ఆరువేల కిలోమీటర్లు, సుమారు ఎనిమిది గంటలు. అక్షరాలా ఒక షిఫ్టు. అతను ఆ మాట చెప్పాడు, ఇంట్లోవాళ్లు దాన్ని పట్టుకుని పంతులు దగ్గరికి పోయారు, పంతులు లగ్నం రాశాడు. షిఫ్టు లెక్కలో బతికే మనుషులు కాకపోతే ఆ అంకెను అంత సులువుగా నమ్మేవారు కాదేమో.

నేను టికెట్ల తెర తెరిచి చూపించాను. టెటే నుంచి చిన్న విమానంలో జోహన్నెస్‌బర్గ్, అక్కడ కాచుకుని దుబాయ్, అక్కడా కాచుకుని హైదరాబాద్. ఆ తర్వాత రోడ్డు. మొత్తం కలిపితే నాలుగు షిఫ్టులు దాటి ఐదో షిఫ్టులో పడుతుంది. గురువారం బయలుదేరితే శనివారం, వంట గిన్నెలు కడిగే వేళకు వస్తాడు.

సమ్మక్క నన్ను ఎగాదిగా చూసింది. మంచిర్యాల పోవడానికి ఎవరన్నా కొత్తగూడెం తిరిగి పోతారా అని అడిగింది. తిప్పి తిప్పి తీసుకుపోతే మీకేమన్నా కమీషన్ ఉందా అని కూడా అడిగింది. మాజిద్ సాబ్ లోపలినుంచి వచ్చి ఆ పేజీలోని వంపు గీత మీద వేలు పెట్టారు.

"చూడు అక్కా. ఈడ గీత ఉన్నది. గీత మీద విమానం లేదు."

ఆమె కాసేపు ఆ గీతనే చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి కూర్చుని నెమ్మదిగా చెప్పింది. మా వైపు పెళ్లిళ్లలో పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి ఎత్తుకొస్తాడు. పెద్ద బిడ్డ పెళ్లికి కనకయ్య రాలేదు. పక్కింటాయన ఎత్తుకొచ్చాడు. వియ్యాలవారు రోజంతా మేనమామ ఏడి, మేనమామ ఏడి అని అడిగారు. అక్కాతమ్ముళ్లు ఏడాది మాట్లాడుకోలేదు. ఈసారి అతనే ఫోన్ చేసి, నేనొస్తా, నేనే ఎత్తుకొస్తా అన్నాడు. సెలవు కూడా దొరికింది.

"ఈసారి రాకుంటె నాకు తమ్ముడు లేడనుకుంట అని అన్న, చెల్లె. అందరి ముంగట అన్న. ఇగ ఎన్కకు తీసుకోను."

అప్పుడే దుకాణం ఫోన్ నుంచి టెటేకు కలిపాం. కనకయ్య ఒప్పుకోలేదు. తాను కళ్లతో చూశానని, ఎనిమిది గంటలే రాసి ఉందని, రెండుసార్లు కొట్టినా అదే వచ్చిందని వాదించాడు.

"కనకయ్యా, ఆ లెక్క కొంగకు. నీకు కాదు. నువ్వు మూడు విమానాలు ఎక్కాలి" అన్నాను.

సెలవు గురువారం నుంచే, ముందు రోజు బయలుదేరాలంటే యంత్రం ఎవరు నడుపుతారని గొణిగాడు. సమ్మక్క ఫోన్ లాక్కుంది. "మీ కాడ బదిలీ లేడారా?" అంది.

మా బాయిల్లో ఒక మనిషి రాకపోతే అతని బదులు దిగేవాణ్ని బదిలీ అంటారు. టెటేలో మందమర్రి పిల్లవాడొకడు కనకయ్య చేసే పనే చేస్తున్నాడు. వాళ్లిద్దరూ పోయి అక్కడి ఫోర్‌మన్‌కు ఈ మాట అర్థమయ్యేలా చెప్పడానికి ఒక పూట పట్టిందట. అనుమతి దొరికింది. తర్వాత విన్నాను, ఆ గనిలో ఇప్పుడు ఫోర్‌మన్ కూడా బదిలీ అనే అంటున్నాడట.

బుధవారం మధ్యాహ్నానికి టికెట్ కొట్టాను. నేను మంగళవారానికి అడిగాను, దొరకలేదు. శుక్రవారం తెల్లవారుజామున శంషాబాద్, అక్కడినుంచి కారులో వస్తే లగ్నానికి కొంచెం ముందు పందిట్లో ఉంటాడు. ఆ కొంచెం నాకు నచ్చలేదు. ఇంటికి పోయి దేవుడి ముందు దీపం పెట్టి, స్వామీ, ఆ కొంచెం నువ్వు చూసుకో అన్నాను.

చివరి ముక్క

పెళ్లికి రెండు రోజుల ముందు, సరిగ్గా పెళ్లి రోజుకే బందు పిలుపు వచ్చింది. ఉద్యమం రోజులు. బందును ఒక మాట అనే నోరు మాకెవరికీ లేదు, అందరం అందులో ఉన్నవాళ్లమే. ఓదెలైతే అంతకుముందు వారమే రోడ్డు మీద కూర్చుని బస్సులు ఆపాడు. పెళ్లి పందిరి కింద తిరుగుతూ, పెళ్లి బండ్లను మావాళ్లు ఆపరు అని అందరికీ చెబుతున్నాడు. ఎంత గట్టిగా చెబుతున్నాడో అంత భయపడుతున్నాడని నాకు అర్థమైంది.

పెళ్లి ఓదెలు వాళ్ల క్వార్టర్ ముందరే. నేను, మాజిద్ సాబ్ పొద్దున్నే వెళ్లాం. కనకయ్య శంషాబాద్‌లో టైముకే దిగాడు. కారు దొరికింది, ముందు అద్దానికి పెళ్లి అని కాగితం అంటించుకున్నాడు. సిద్దిపేట దగ్గర ఆపారు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెళ్లికి పోయే మేనమామ అని తెలిసి దారి ఇచ్చారు, కానీ తిననిదే పోనియ్యమన్నారు. కరీంనగర్ దాటాక మళ్లీ ఆపారు, మళ్లీ పెట్టారు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

పందిట్లో ఉన్నవాళ్లందరికీ నేనే విమానం నడిపిస్తున్నట్టుంది. ఏడిదాక వచ్చిండు మేడం అని ప్రతి ఒక్కరూ నన్నే అడిగారు. మాజిద్ సాబ్ చేతులెత్తేశారు. విమానం దిగేదాకే మా పూచీ, రోడ్డు మాది కాదు అన్నారు. పంతులు గడియారం చూస్తున్నాడు. ఎవరో ముసలామె, ఆఫ్రికల బయలెల్లిండా లేదా ముందు అది అడుగున్రి అంది. సమ్మక్క గంపకు పసుపు రాస్తూ కూర్చుంది. రాసిన చోటే మళ్లీ రాస్తోంది.

పక్కింటాయన భుజం మీద తువ్వాలు సర్దుకుని, వదినా, టైమైతుంది, నేను ఎత్తుకొస్తనా అని మెల్లగా అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

అప్పుడే సందు మొదట్లో మోటార్ సైకిల్ శబ్దం వినిపించింది. వెనక కనకయ్య, నెత్తి మీద సూట్‌కేసు. కారును పెద్దపల్లి అవతలే వదిలేసి, ఎవరి బండో పట్టుకుని వచ్చాడు. చొక్కా మీద పప్పు మరక. దిగీ దిగగానే, లగ్నం దాటిందా అని అడిగాడు. పంతులు దాటలేదన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కనకయ్య పందిట్లోకి తొంగి చూసి, ఇంకో మాట అడిగాడు.

"పిలగాడేడి?"

పెళ్లికొడుకు పీట ఖాళీగా ఉంది.

ఆరువేల కిలోమీటర్ల అవతలివాడి కోసం పొద్దుటినుంచి మెడలు సాచి చూస్తున్నాం. కాసిపేట మామూలు రోజుల్లో గంట దారి. గంట దారివాళ్లు వస్తారులే అని ఒక్కరం కూడా ఫోన్ చేయలేదు. చేస్తే తెలిసింది, వియ్యాలవారి వ్యాను గోదావరి వంతెన అవతల నిలబడి ఉంది. వాళ్లకు కాగితం అంటించాలని కూడా తోచలేదట. మేనమామ ఎక్కడున్నాడో కనుక్కున్న మనుషులం, పెళ్లికొడుకును మరిచిపోయాం.

ఓదెలు, కనకయ్య ఆ మోటార్ సైకిల్ మీదే వంతెన దగ్గరికి పోయారు. అక్కడ అడ్డం కూర్చున్నవాళ్లలో సగం మంది ఓదెలుకు తెలిసినవాళ్లే. కాసేపటికి పెళ్లికొడుకు ఓదెలు వెనక, ఓదెలు కనకయ్య వెనక, డప్పు ముందు, అందరూ వంతెన మీదుగా నడిచి వచ్చారు. లగ్నం తోక మిగిలి ఉందన్నాడు పంతులు. కనకయ్య ముఖం కడుక్కుని, రజితను గంపతో సహా ఎత్తుకుని పందిట్లోకి తెచ్చాడు. మూడు విమానాల అలసటలోనూ గంప వంగనివ్వలేదు. వియ్యాలవారు మేనమామ ఏడి అని అడగలేదు.

పిల్లలూ, తెర మీద గీత చూపించే దూరం ఒకటి. టికెట్ చూపించే దూరం ఇంకొకటి. గడప నుంచి గడపకు ఉండే దూరం మూడోది. మనిషి ప్రయాణం చేసేది మూడోదే. దాన్ని ఏ కంప్యూటరూ చూపించదు, మనమే కూర్చుని అడగాలి. ఎవరింటికి, ఎందుకు, ఆలస్యమైతే ఏమవుతుంది అని. ఈ మూడూ అడగకుండా టికెట్ కొట్టొద్దు.

తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి. అప్పటిదాకా సమ్మక్క తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. కన్యాదానం చేసే తల్లి కాబట్టి ఆ పొద్దంతా ఏమీ తినలేదు. జనం పలచబడ్డాక రెండు విస్తళ్లు పక్కపక్కనే వేసింది.

"దా. కూసో" అంది.

కనకయ్య పొట్ట మీద చేయి వేసుకున్నాడు. "అక్కా, సిద్దిపేట కాడ తినవెట్టిన్రు. కరీంనగర్ దాటినంక తినవెట్టిన్రు. పెద్దపల్లి కాడ వద్దన్నా ఇనలే. గొంతుదాక ఉన్నది."

"తొవ్వల ఊరోళ్లు పెడితె మూడుమాట్ల తిన్నవు. అక్క పెడితె జాగ లేదా?"

కనకయ్య నా వైపు చూశాడు. నేను మాజిద్ సాబ్ వైపు చూశాను. ఆయన తన చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నారు. కనకయ్య ప్యాంటు కాళ్లు పైకి మడుచుకుని నాలుగోసారి భోజనానికి కూర్చున్నాడు. సమ్మక్క అన్నం పెట్టింది, పప్పు పోసింది, మళ్లీ అన్నం పెట్టింది. అతను ఒక్కసారి కూడా విస్తరికి చేయి అడ్డం పెట్టలేదు.